ఆవిరి వేసిన తాళం

ఏంటమ్మా అది, కప్లింగా? ఇలా చూపించు. నా కళ్ళజోడు ఆ పేపరు కింద ఉంటుంది చూడు... ఆఁ, ఇప్పుడు కనపడుతోంది. బాగా గీశావే. రెండు ఇరుసుల్నీ కలిపే చోట రబ్బరు పెట్టారు కదూ? ఎవరు కనిపెట్టారని చెప్పారు మీ మాస్టారు? ఏదో నోరు తిరగని పేరా? పోనీలే, ఎవరో ఒకరు. మా బావ కూడా ఒకటి కనిపెట్టాడు. నవ్వకే, నిజంగానే. మా అక్క మొగుడమ్మా, నీకు పెద్ద తాతయ్య అవుతాడు. నువ్వు పుట్టకముందే పోయాడు. నూలు కండెలకి రంగులద్దే మిల్లులో ఫిట్టరు. నేను అదే మిల్లులో మేడ మీద డ్రాయింగు గదిలో ట్రేసరుని. అంటే పెద్దవాళ్ళు పెన్సిలుతో గీసి పారేసినదాని మీద పల్చటి కాగితం వేసి, సిరాతో నీటుగా దిద్దేవాణ్ణి. బావ కింద నూనెలో, నేను పైన సిరాలో. ఇంటికెళ్ళేసరికి ఇద్దరి చేతులూ నల్లగానే ఉండేవి. అక్క ఒకే సబ్బు ఇద్దరి మధ్యా పెట్టి, కడుక్కుని గాని గడప దాటి లోపలికి రావద్దనేది.

ఇంతకీ ఏం చెప్తున్నాను? ఆఁ, కప్లింగు. మా మిల్లులో మోటారు ఒక దిమ్మ మీద, పంపు ఇంకో దిమ్మ మీద. నేల ఒక పక్కే కుంగింది. దాంతో రెండు ఇరుసులూ ఎదురెదురుగా ఉండేవి కావు, అలిగిన మొగుడూ పెళ్ళాల్లా చెరో పక్కకి చూసేవి. వాటిని బలవంతాన కలిపి బోల్టులు బిగిస్తే ఏమవుతుంది? పదిరోజులకోసారి పటుక్కుమని తెగేవి. బావ ఏం చేశాడు, మూల పడేసిన పాత బెల్టులోంచి గుండ్రటి బిళ్ళలు కోసి, నాలుగు బిళ్ళలు దొంతరగా పెట్టి, ఇటు మూడు బోల్టులు అటు మూడు బోల్టులు వేశాడు. అంతే! చప్పుడు లేదు, తెగడం లేదు. నాలుగు నెలలు తిరిగింది. నేనే ఎగదోశాను, 'బావా, దరఖాస్తు పెట్టు' అని. అప్పట్లో మిల్లులో ఒక సంఘం ఉండేదిలే, కొత్త ఆవిష్కరణల పరిశీలక సంఘమని. ఏడుగురు పెద్దమనుషులు. ఆ ఏడుగురూ కలిసి కనిపెట్టింది ఒక్కటే, సమావేశం గదికి రెండో తలుపు. దానికి పెద్ద మా మిల్లు మేనేజరు. ఆయన్ని అందరూ దువ్వెన దొర అనేవాళ్ళు. యంత్రాల దగ్గరికి వచ్చే ముందు గుమ్మంలో ఆగి, జేబులోంచి దువ్వెన తీసి, ఎడమ నించి కుడికి మూడుసార్లు దువ్వుకుంటే గాని లోపల అడుగు పెట్టేవాడు కాదు. చెడ్డవాడని అనను. తనకి తెలియనిది ప్రపంచంలో ఉండదని గట్టిగా నమ్మిన మనిషి, అంతే.

బావని పిలిచారు. నేను బొమ్మ అతికించిన బోర్డు పట్టుకోడానికి వెళ్ళాను. దువ్వెన దొర కాగితం తిరగేసి చూసి, 'లెక్కలేవయ్యా?' అన్నాడు. 'లెక్కలు లేవండి, నాలుగు నెలల నించీ తిరుగుతోందండి' అన్నాడు బావ. 'తిరుగుతోందయ్యా, కాదనను. ఏ ఆధారంతో తిరుగుతోంది?' బావ కాసేపు ఆలోచించి, 'మోటారు తిప్పుతోందండి' అన్నాడు. నాకు నవ్వాగలేదు, బోర్డు వెనక్కి తల పెట్టేశాను. ఏడుగురూ మొహమొహాలు చూసుకుని, అనుమతి లేని వస్తువు నడవకూడదు కాబట్టి వెంటనే విప్పి స్టోర్సులో జమచెయ్యమన్నారు. విప్పాడు. మర్నాటి నించి మళ్ళీ బోల్టులు తెగడం మొదలు. మూడు నెలలకి దరఖాస్తుకి జవాబొచ్చింది. ఏమని? 'సదరు కప్లింగు ప్రస్తుతం నడుస్తున్న స్థితిలో లేనందున దాని పనితీరును పరిశీలించుటకు వీలుపడదు' అని! నువ్వు నవ్వుతున్నావు గానీ, ఆ రోజు బావ నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలు కింద పెట్టాడు. అక్క మటుకు అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆ ఏడుగురినీ వరసపెట్టి తిట్టింది.

సరే, అదలా ఉంచు. అసలు సంగతి రంగు బానలది. బాన అంటే మన వంటింట్లో కుక్కరే అనుకో, కాకపోతే లోపల ఇద్దరు మనుషులు నిలబడొచ్చు. కండెలు లోపల పెట్టి, రంగునీళ్ళు పోసి, మూత వేసి, మూత చుట్టూ ఉన్న ఇనప రింగు తిప్పితే బిగుస్తుంది. పని అయ్యాక ఆవిరి వదిలేసి, పైన ఆవిరి ఎంతుందో చూపించే గడియారంలో ముల్లు సున్నాకి వచ్చిందా లేదా చూసుకుని రింగు వెనక్కి తిప్పాలి. అలాంటి బానలు పదకొండు. ఆ గడియారానికి వెళ్ళే గొట్టం ఉంటుంది చూశావూ, వేలెడంత ఉండదు, దాంట్లో రంగు మడ్డి పేరుకునేది. అప్పుడు లోపల ఎంత ఆవిరి ఉన్నా ముల్లు సున్నా మీదే కునుకు తీసేది. ఒకరోజు మధ్యాహ్నం, బాన దగ్గర పనిచేసే మా రంగులాయన ముల్లు చూశాడు, సున్నా. రింగు తిప్పాడు. మేడ మీద నా సిరాబుడ్డి ఎగిరి పడింది. అంత చప్పుడమ్మా. నేను కిందికి పరిగెత్తేసరికి బావ ఆయన్ని భుజాన వేసుకుని బయటికి మోసుకొస్తున్నాడు. మెడా, భుజమూ... వద్దులే, నువ్వు భోంచెయ్యాలి. బతికాడు. కానీ ఆ కుడి చెయ్యి మరి పైకి లేవలేదు. ఇరవయ్యేళ్ళ నించీ బావా ఆయనా ఒకే బల్ల మీద కూర్చుని తినేవాళ్ళు. ఆ తరవాత బావ ఎనిమిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క ఏమడిగినా తలే ఊపేవాడు.

మరి సంఘం ఊరుకుంటుందా? వెంటనే సమావేశమైంది. పదకొండు బానలకీ పదకొండు బోర్డులు రాయించాలని తీర్మానం. 'మూత జాగ్రత్తగా తెరువుము.' తెరువుము అనాలా, తెరవండి అనాలా అని ఒక పూట నడిచింది. గౌరవం ఉండాలని ఒకాయన, చోటు చాలదని ఇంకొకాయన. చివరికి తెరువుము నెగ్గింది. ఆ అక్షరాలు రాసింది నేనే, ఎర్ర రంగుతో. బావ ఆ బోర్డు కింద నిలబడి, అటూ ఇటూ చూసి, 'బాగా రాశావురా' అన్నాడు. ఎనిమిది రోజులకి నోరు తెరిచి అన్న మాట అది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ ఆదివారం నన్ను కూర్చోబెట్టి గీయించాడు. నువ్వు ఇంజనీరువి, నీకు ఇట్టే అర్థమవుతుంది. మూతకి చిన్న కన్నం. కన్నంలో వదులుగా ఒక పిన్ను, కింద రబ్బరు బిళ్ళ. లోపల ఆవిరి ఉన్నంతసేపూ అదే పిన్నుని పైకి నెడుతుంది, పిన్ను వెళ్ళి రింగుకి అడ్డం పడుతుంది. ఇక భీముడు వచ్చి తిప్పినా రింగు కదలదు. ఆవిరి పోయిందా, పిన్ను దాని బరువుకి అదే టక్కున కిందికి దిగుతుంది. గడియారం నిజం చెప్పినా అబద్ధం చెప్పినా దీనికి పట్టదు. 'బావా, ఇది అద్భుతం! దరఖాస్తు మీద నీ పేరు పెద్దక్షరాలతో రాస్తాను' అన్నాను. 'నా పేరు రాశావంటే చెయ్యి విరుస్తాను' అన్నాడు.

సోమవారం పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని దువ్వెన దొర గదికి వెళ్ళాడు. చేతులు కట్టుకున్నాడమ్మా, మా బావ ఎవరి ముందూ చేతులు కట్టుకోగా నేను చూడలేదు. 'అయ్యా, ఆ ప్రమాదం రోజున తమరొక మాట అన్నారు. ఆవిరే తాళం వేసుకుని, ఆవిరే తీసుకుంటే బాగుండునని. మా మట్టి బుర్రలకి అప్పుడు ఎక్కలేదండి. మావాడు ఏదో గీశాడు, తమరి ఆలోచన ఇదేనేమో చూడండి' అన్నాడు. ఆ దొర ఆ రోజు అన్నదల్లా 'నా కారు పక్కకి తియ్యండి' అని, అంతే. ఇప్పుడు కాగితం చూశాడు. దువ్వెన తీశాడు. ఎడమ నించి కుడికి ఒకసారి, రెండోసారి... మూడోసారికి మొహం వికసించింది. 'అవునయ్యా, అన్నాను. అన్నాను! ఇదే నా ఆలోచన. మీరు కాస్త వంకరగా గీశారనుకో.' 'చిత్తమండి' అన్నాడు బావ.

ఒక్క సమావేశంలో అయిపోయింది! లెక్కలేవని అడిగినవాడు లేడు. తరవాత కావాలి కదా అని ఇరవై రెండు పేజీల లెక్కలు వాళ్ళే వేశారు. పిన్ను బరువు ఎంత ఉండాలో ఇరవై రెండో పేజీలో తేలింది. మొదటి పేజీ రాసే ముందే బావ చేసిన పిన్నుని తూకం వేసి పెట్టుకున్నారులే. రెండు నెలల్లో పదకొండు బానలకీ పిన్నులు పడ్డాయి. సంఘం వాళ్ళూ ఒక చెయ్యి వెయ్యాలిగా, పిన్ను మీద ఇత్తడి టోపీ ఒకటి పెట్టి, టోపీ మీద దొర పేరు చెక్కించారు. పిన్ను లేచిందో దిగిందో ఇక ఎవరికీ కనపడదు. పేరు మటుకు బాగా కనపడుతుంది.

ప్రారంభోత్సవం పెట్టారు. కుర్చీలు, మైకు, పెద్ద యజమాని, మెడలో వెయ్యడానికి పతకం. దొర స్వయంగా మూత తీసి చూపిస్తానన్నాడు. గడియారానికి అద్దం తుడిచారు, చుట్టూ వెండిరంగు వేశారు. గొట్టం మటుకు కడగలేదు. ముల్లు సున్నా. దొర రింగు పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. నవ్వుతూ ఇంకోసారి. కదల్లేదు. నవ్వు ఆపి రెండు చేతులతో. ఉహూఁ. యజమాని గొంతు సవరించుకున్నాడు. దొర మొహం కందగడ్డలా అయిపోయింది. 'ఏమయ్యా, ఇలా బిగించి చచ్చావేంటి? సుత్తి తెచ్చి కొట్టు!' అన్నాడు. బావ కదల్లేదు. 'కొట్టనండి' అన్నాడు. 'ఇరుక్కుపోయిందయ్యా!' 'ఇరుక్కోలేదండి. తమరు కనిపెట్టింది పనిచేస్తోందండి.'

అని, నెమ్మదిగా వెళ్ళి కింద వాల్వు తిప్పాడు. అబ్బో, ఆ ఆవిరి! కుర్చీలు ఎక్కడివక్కడే, మనుషులు గోడ దగ్గర. మూడు నిమిషాలు ఊదిందమ్మా. అందరూ నోళ్ళు తెరుచుకుని ఉండగా టోపీ కింద టక్కుమంది. బావ రెండు వేళ్ళతో రింగు తిప్పి, పక్కకి తప్పుకుని, 'ఇప్పుడు తియ్యండి' అన్నాడు. దొర అక్కడే నిలబడి ఉన్నాడు, దువ్విన జుట్టంతా చెదిరిపోయి. మూతకీ ఆయన మొహానికీ మధ్య జానెడు ఉండేది, అంతే. ఆయనకి తెలిసింది. అది తెలిసిన మొహం నేను చూశాను. కానీ మైకు దగ్గరికి వెళ్ళేసరికి సర్దుకుని, 'ఇప్పుడు మీరు చూసినది మేము ముందుగానే ఏర్పాటు చేసిన ప్రదర్శన' అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

అక్క వారం రోజులు బావని దెప్పుతూనే ఉంది. 'పతకం వాడి మెళ్ళోనా? నీకు సిగ్గూ శరమూ లేవా?' అని. నేనూ గింజుకున్నాను. బావ కంచంలోంచి తల ఎత్తకుండా, 'నా పేరు పెట్టుంటే అది ఈపాటికి స్టోర్సులో ఉండేదిరా. వాడి పేరుంది కాబట్టి పదకొండింటికీ ఉంది' అన్నాడు. ఆ తరవాత ఆ మిల్లు మూతపడేదాకా బాన దగ్గర ఒక్కడికీ ఏమీ కాలేదు. రంగులాయనకి గేటు దగ్గర పనిచ్చారు, పింఛను వచ్చేవరకూ అక్కడే కూర్చునేవాడు. బావ రోజూ వెళ్ళి ఆయన పక్కనే కూర్చుని తినేవాడు.

ఏంటీ? పేటెంటా? ఆఁ, దొర పేరు మీద తీసుకున్నారు. దాని కాగితాలు రాసే వకీలు ఒకాయన ఊళ్ళోకి వచ్చాడు, చాలా మర్యాదస్తుడు. నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, 'బాబూ, మొదటి బొమ్మ మీరే గీశారట. ఎవరు చెప్తే గీశారు?' అని అడిగాడు. ఒక్కణ్ణే ఉన్నాను. దొర లేడు, బావ లేడు. 'ఆయన చెప్తే గీశానండి' అన్నాను. 'ఏ ఆయన?' అన్నాడు. కలం పట్టుకుని, ఓపిగ్గా నా మొహంలోకి చూస్తున్నాడు. బావ వద్దన్నాడు కదా అని ఇప్పటికీ చెప్పుకుంటాను. కానీ అమ్మా, అప్పటికి పిన్నులు బిగించేశారు, మరెవరూ పీకలేరు. బావ పేరు చెప్పొచ్చు. డ్రాయింగు గదిలో హెడ్డు పోస్టు ఖాళీగా ఉంది ఆ నెల్లో... 'మేనేజరు గారండి' అన్నాను. హెడ్డునయ్యాను. బావ అందరికంటే ముందొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. 'మీ తమ్ముడు పైకొచ్చాడే' అని అక్కని కేకేశాడు. నేను ఆ గదిలో ఏమన్నానో ఆయన అడగలేదు, నేను...

మీ అమ్మ ఎన్నింటికి వస్తానంది?