లావు టైర్లలో గాలి

లావు టైర్ల సైకిల్ మీద పాపను ఏటి ఇసుకలోకి తీసుకెళ్లిన భర్త ఎక్కడ జారిపడతాడోనన్నదే ఆమెకున్న పెద్ద భయం. వాళ్లటు బయల్దేరగానే ఆమె ఇటు సైకిల్ షాపుకి పరుగెత్తింది.

“కొత్త టైర్లు వేసి గాలి కొట్టకుండా ఇచ్చావేం అన్నా? నొక్కితే బూరెల్లా లోపలికి పోయాయి!”

“నేనే తగ్గించానమ్మా. మెత్తగా ఉంటేనే ఇసుకలో పట్టు దొరుకుతుంది.”

“అయ్యో! నువ్వు గాలి కొట్టడం మర్చిపోయావనుకున్నానే!”

“అనుకుని?”

“ఆయన లేవకముందే పంపుతో కొట్టేశాను. రాయిలా అయ్యేదాకా.”

“ఎంత పని చేశావమ్మా! ఇసుకలో జారిపోదూ?”

“గట్టిగా ఉంటేనే కదా పడరు? నాకేం అర్థం కావడం లేదన్నా.”

“ముందు ఆయనకి ఫోన్ చెయ్యి.”

“ఎత్తడం లేదు. ఏటి ఇసుకలోకి వెళ్లారు. నీ బండి మీద ఒక్కసారి వెళ్లి చూసిరా అన్నా, నీకు పుణ్యముంటుంది.”