గులాబీ అట్టలు

తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్బీనగర్‌లో పురుగుమందుల షాపుకి నాదర్‌గుల్ రైతు బెండాకు పట్టుకొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన షాపామె దాన్ని తిప్పి చూసింది.

“తెల్లదోమ. జిగురు అట్టలు కట్టమన్నాను కదండీ?”

“కట్టిన. ఒక్కటి గూడ అంటలే.”

“పసుపు రంగు చూస్తే అవే వచ్చి వాలతాయే.”

“పసుపు గా పార్టీ జెండా రంగు. నా చేన్ల ఎట్ల కట్టాలె? మా జెండా గులాబీ రంగేసిన.”

“మీ జెండా గురించి దోమకి ఎవరు చెప్పారండీ?”

“ఆంధ్రోళ్లకే సమజ్ గాలే, దోమకేం సమజైతది.”

“సరే. ఆ దోమ అంటించిన తెగులుకి ఇప్పుడు ఈ ఆకు ఈనెలు ఏ రంగులో ఉన్నాయి?”

“పసుపు.”

“చేనంతానా?”

“సగం చేను. గా పసుపు అట్టలే ఇయ్యమ్మా. జర పేపర్ల చుట్టియ్యి, ఊళ్లె చూస్తరు.”

“చుట్టిస్తాను. చేలో కూడా పేపరుతోనే కట్టేరు, జాగ్రత్త.”