షీటు తియ్యని రెండు రోజులు

అట్టా మొహం తిప్పుకుంటే రేపు పరీక్ష ఎట్టా రాసేది జైనాబత్తా? నువ్వే చెప్పు!

రెండు నెలలైంది. ఫోన్ ఎత్తవు. నాదెండ్లలో నర్సరీ పని పోయిందని ఇక్కడ అచ్చంపేటలో చెల్లెలింటికి వచ్చి కూర్చున్నావు. రెండు బస్సులు మారి వచ్చా. కుర్చీ అయితే వేశావు గానీ, ఒక్క మాటన్నా లేదు. ఆ మిరపకాయల ముచ్చికలు తీసుకుంటా నీ లోకంలో నువ్వున్నావు. ఘాటుకి నాకు కళ్ళు మండిపోతున్నాయి, నువ్వేమో తుమ్మనైనా తుమ్మవు!

నారు పెంచే చేతులత్తా అవి. ఈ పని చేస్తా ఉంటే చూళ్ళేకపోతున్నా.

సరే, మాట్లాడొద్దులే. విను. రేపు పదింటికి నరసరావుపేటలో పరీక్ష. రక్షిత సాగు. అదే, నెట్ కింద, పాలీహౌస్‌లో మొక్కలు పెంచటం. డిప్లొమాలో నాకు మిగిలింది ఆ ఒక్క పేపరే. ఎండాకాలంలో ఒకసారి పోయింది. ఈసారీ పోతే చదువు చాలన్నాడు నాన్న. నువ్వు పిలిచి ఒక్క తిట్టు తిట్టినా చాలు, పోయి రాస్తా. ఇట్టా ఊరుకుంటే మాత్రం నా చెయ్యి కదలదు.

పుస్తకం తెరిస్తే కోటేష్ గొంతు వినపడుద్ది అత్తా. మా సీనియర్, మాచర్ల అబ్బాయి. నర్సరీకి ఒకసారొస్తే నువ్వే అన్నావుగా, "ఏమే పిల్లా, ఈ పిలగాడు నారు చూడ్డానికొచ్చాడా, నిన్ను చూడ్డానికొచ్చాడా?" అని. పాఠాలన్నీ వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు. ఫాగర్లంటే ఏంది, నెట్ సగం ఎండే ఎందుకు రానియ్యాలి... ఎంత మెత్తగా చెప్పేవాడో! "పొగమంచులాగా నీళ్ళు కురుస్తయ్" అంటే చాలు, నేను రాసుకోవటం మానేసి ఆ మంచులో మేమిద్దరం నడిచిపోతన్నట్టు కళ్ళు మూసుకునేదాన్ని. ఇంక పరీక్షలో ఏం గుర్తుంటది? పిచ్చిదాన్ని.

ఆగస్టులో ఒకరోజు, "సోమవారం కోటప్పకొండ మెట్ల దగ్గరికి రా, ఒక మాట చెప్పాలి" అన్నాడు. ఏం మాటో ఊహించుకుని రెండు రోజులు అన్నం తిన్లా.

సరిగ్గా ఆ వారమే గదా మనం ట్రేల్లో మిరప గింజలు పెట్టి, దొంతర్లు పేర్చి, పైన పాలిథిన్ షీటు కప్పింది. మొలక పగలగానే షీటు తీసి ట్రేలు పరిచెయ్యాలి. ఆలస్యమైతే వెలుతురు కోసం సాగి సాగి దారంలాగా తెల్లబడిపోద్ది. ఏ మాస్టారూ కాదు, నువ్వు నేర్పావు నాకది. కానీ షీటు ఎప్పుడు తియ్యాలో చెప్పే పెత్తనం మాత్రం నాకిచ్చారు ప్రభాకరరావు గారు. నర్సరీ ఆయనది, నేనేమో ట్రైనింగుకొచ్చిన చదువుకున్న పిల్లని.

సోమవారం పొద్దున నువ్వు ఫోన్ చేశావు. నేనప్పటికే మెట్ల దగ్గరున్నా, కొత్త చుడీదారేసుకుని. "పిల్లా, షీటు కింద చెయ్యి పెడితే వెచ్చగా తగుల్తంది. మొలకొచ్చింది. తీసెయ్యనా?" అన్నావు.

నేనేమన్నా? "వద్దత్తా! పుస్తకంలో ఎనిమిది రోజులని ఉంది. నేనొచ్చిందాకా ముట్టుకోవద్దు" అన్నా. ఎందుకన్నానో తెలుసా? తీస్తే ట్రేలు పరవాలి. పరవాలంటే నన్ను రమ్మంటారు. నేనటు రాగానే కోటేష్ ఇటు వస్తాడేమోనని!

రాలా. సాయంత్రందాకా కూర్చున్నా. ఒక కోతి వచ్చి చేతిలో అరటిపళ్ళు లాక్కుపోయింది. నాకోసమంటూ వచ్చింది అదొక్కటే. పాపం, ఏదో అడ్డమొచ్చి ఉంటదిలే అని మంగళవారం కూడా పోయా చూడు, నాకంటే పిచ్చిది ఉంటదా? బుధవారం ఫోన్ ఎత్తాడు. హోసూరులో గులాబీల పాలీహౌస్‌లో ఉద్యోగమంట. ఆదివారమే బస్సెక్కాడంట. "అయ్యో, నీకు చెప్పటం మర్చిపోయా" అన్నాడు.

మర్చిపోయాడంట అత్తా! చెప్పలేకపోయా అన్నా బాగుండేది.

ఏడ్చుకుంటా నర్సరీకి వచ్చేసరికి షీటు తీసేసి ఉంది. ప్రభాకరరావు గారు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నారు. మూడొందల ట్రేల్లో ఒక్క మొక్కా నిలబడట్లా, అన్నీ తెల్లగా పడుకునున్నయ్. "ఎవరు చేశారీ పని?" అన్నారు.

"సోమవారమే తియ్యమని చెప్పానండీ అత్తకి." అదీ నేనన్న మాట.

నువ్వు నా వంక చూశావు. అంతే. చేతులు కొంగుకి తుడుచుకుని, క్యారేజీ తీసుకుని నడిచి వెళ్ళిపోయావు. అబద్ధం అని ఒక్క మాట అనొచ్చుగా! ఎందుకనలా? అనుంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఏమో, ఒప్పుకునేదాన్ని కాదులే.

ఇవాళ పొద్దున ఆయనకి మొత్తం చెప్పేసి వస్తన్నా. ఒట్టు! ఆయన కళ్ళజోడు తుడుచుకుంటా ఏమన్నారో తెలుసా? "నాకప్పుడే తెలుసమ్మా. పదహారేళ్ళ నుంచి చేసే మనిషికి మొలకొచ్చింది తెలవదా? కానీ మీ నాన్న ఏటా పదెకరాలకి నారు నా దగ్గరే తీసుకుంటాడు. నిన్నేమనగలను?" అన్నారు. మళ్ళీ పిలవండి అత్తని అని బతిమాలా. వేరే మనిషిని పెట్టుకున్నాం పోమ్మా అన్నారు.

హమ్మయ్య, తలెత్తావు. వద్దత్తా, నీళ్ళొద్దు. కూర్చో. లేవొద్దు. అంత మంచిగా చూడొద్దు నన్ను, ఇంకా ఉంది.

నేను పోయింది నిజం చెప్పటానికి కాదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద ఆయన సంతకం కోసం. అది చూపించకపోతే రేపు హాల్లోకి రానియ్యరు. ముందు సంతకం పెట్టించుకున్నా. స్టాంపు కూడా వేయించుకున్నా. సిరా ఆరిందాకా ఊదుకుంటా కూర్చుని, అప్పుడెత్తా నీ సంగతి.

బస్సులో చింపేద్దామని రెండుసార్లు బయటికి తీశా. చింపలా అత్తా. నలగకుండా మళ్ళీ ఫైల్లో పెట్టుకున్నా.