చుట్టాల గుర్తు

నూకరత్నం అని ఒకావిడ ఉండేది. పట్నం అంచున గెడ్డలో నీళ్లు పారతాయి చూడండి, అక్కడ మొగుడు గవరయ్యతో కలిసి బట్టలుతికేది. పక్కనున్న మైదానంలో ఆరేసేది. వాళ్ల అత్తా, ఆ అత్తకి అత్తా, అందరూ ఆరేసుకున్న మైదానమే. కాగితమా? ఏ కాగితమూ లేదు, ఎండకి కాగితమెందుకు అనుకున్నారు పాపం. ఆవిడ పనిలో ఒక పద్ధతుంది. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెడుతుంది. ఒక ఇంటికి చుక్క, ఇంకో ఇంటికి అడ్డగీత. ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఎవరింటికైనా చుట్టాలొస్తే వాళ్ల బట్టలకి వేరే గుర్తు, సున్నా గీసి మధ్యలో చుక్క. అది కనబడిందంటే వీళ్లు వెళ్లిపోయేవాళ్లు, ముందు ఉతికి ముందు ఇచ్చెయ్యాలి అని. గెడ్డ ఒడ్డున అందరికీ తెలుసు ఆ గుర్తు.

ఇలా ఉండగా ఏమైందంటే, ఆ పట్నానికి ప్రపంచ ఆటలొచ్చాయంట. దేశదేశాలవాళ్లు వచ్చి పరిగెడతారంట, దూకుతారంట, మనం చప్పట్లు కొట్టాలంట. రోడ్లేశారు, దీపాలు పెట్టారు. పాకల అద్దెలు పెరిగిపోయాయి, వంకాయల ధర అడగాలంటేనే భయం అనుకోండి. అందరికీ నష్టమే అనకూడదు, టీకొట్టు అప్పన్న ఆ వ్యాపారంతోనే కొట్టుకి కొత్త రేకులేసుకున్నాడు. పాకలు మాత్రం కనబడకుండా ఆకుపచ్చ పరదా కట్టేశారు. ఇంతలో ఆటల ఆఫీసరు జీపు దిగాడు. కార్లు పెట్టుకోడానికి మైదానం కావాలన్నాడు. "మళ్లీ ఇస్తారా బాబూ?" అందీవిడ. "ఆటలయ్యాక నీదేనమ్మా. చుట్టాలొచ్చినప్పుడు కాస్త సర్దుకోవా?" అన్నాడు. చుట్టాలంటే ఇంకేం మాట్లాడుతుంది? సరే బాబూ అంది. మర్నాడే రోలరొచ్చింది, సిమెంటేశారు, గోడ కట్టి గేటు పెట్టారు. బట్టలు సందుల్లో ఆరేస్తే ముక్కవాసన. ఎప్పుడూ బట్టలేసే వాడకం ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. అయినా చుట్టాలు వెళ్లేదాకానే కదా అని ఓర్చుకుంది.

ఆటలు మొదలవుతాయనగా లారీలో జెండాలు వానకి తడిసి బురదైపోయాయి. ఆఫీసరు హడావిడిగా వాటిని ఆవిడ దగ్గరికే పంపాడు. దేశదేశాల జెండాలూ తళతళలాడేలా ఉతికి ఇచ్చింది. అవి పైకి లేస్తుంటే ఆఫీసరు చూసుకున్నాడయ్యా, ప్రతి జెండా మూలనా నల్లగా సున్నా, మధ్యలో చుక్క! గెడ్డకి వచ్చి పడ్డాడు. "ఏటి చేశావమ్మా? దేశాల పరువు!" ఆవిడకి అర్థమే కాలేదు. "ఏటి బాబూ, చుట్టాలని మీరే కదా అన్నారు? గుర్తెట్టకపోతే ఎవరి గుడ్డ ఎవరికెళ్తాదో! అది చుట్టాల గుర్తు బాబూ. వచ్చినోళ్లు, వెళ్లిపోయేవోళ్లు అని." అతను తల పట్టుకున్నాడు. ఆటల దగ్గర మాత్రం ఆ గుర్తేమిటని ఒక్కరూ అడగలేదంట. ఒక దేశం ఆయనైతే అది మన ఊరి బొట్టనుకుని ఫొటో కూడా తీసుకున్నాడు.

ఆటలయ్యాయి. చుట్టాలెళ్లారు. గేటు తాళం మాత్రం వెళ్లలేదు! ఆఫీసుకెళ్తే, పైవాళ్లనడగాలమ్మా అంటాడు ఆఫీసరు. మళ్లీ వెళ్తే, అద్దెకిచ్చే ఆలోచన ఉందమ్మా అంటాడు. అప్పుడావిడ ఏం చేసిందనుకున్నారు? తిట్టలేదు, ఏడవలేదు. తిన్నగా గేటు దగ్గరికెళ్లి, తెల్లగోడ మీద జీడిరసంతో ఇంత సున్నా గీసి మధ్యలో చుక్క పెట్టింది. గేటు కాపలావాడు సన్యాసి మన గెడ్డవాడే. "ఓలత్తా, ఏటిది? నా ఉద్యోగం పోతాది!" అన్నాడు. "ఈ గోడా చుట్టమేరా. ఉండిపోడానికి రాలేదు" అంది. సన్యాసి ఆ గుర్తుకేసి చూశాడు, చూశాడు. చిన్నప్పుడు వాడి చొక్కాలుతికింది ఆవిడే. తాళం తీసి జేబులో వేసుకుని, టీ తాగొస్తానని అప్పన్న కొట్టుకి పోయాడు.

ఆఫీసరొచ్చేసరికి సిమెంటు మీద ఈ చివర నుంచి ఆ చివరకి చీరలే! నోరు తెరిచాడు. తెరిచినవాడికి గోడ మీద గుర్తు కనబడింది. దాని అర్థం తెలిసిన ఆఫీసరు అతనొక్కడే మరి. "సాయంత్రానికి తీసేస్తావా అమ్మా?" అన్నాడు. "ఎండ పోయాక నేనెందుకుంటాను బాబూ" అందీవిడ. జీపెక్కి వెళ్లిపోయాడు.

కాగితం మాత్రం ఇప్పటికీ రాలేదు, ఆ మాట నేను దాచను. కానీ బట్టలు ఇవాళా అక్కడే ఆరుతున్నాయి. సిమెంటు మీద ఇంకా తొందరగా ఆరుతున్నాయంట కూడా. మళ్లీ ఏవో ఆటలు తెస్తారని పట్నంలో అనుకుంటున్నారు. తెస్తే తెచ్చుకోనీండి. నూకరత్నం నల్లజీడి గింజలు ఏరి డబ్బాలో పోస్తోంది. ఈసారి ముందు రోలరుకే గుర్తు పెడుతుందంట.