బల్ల పక్కన ఇంకో కుర్చీ

క్లీవ్‌లాండ్‌లో బంగాళాదుంప కూరిన పియెరోగీలు, అంటే పోలిష్ కజ్జికాయలు, చేసి దుకాణాలకు అమ్మే చిన్న ఫ్యాక్టరీ. వెనక గదిలో, భార్య లెక్కలు చూసుకునే బల్ల పక్కన, కొత్త కుర్చీ వేయించి భర్త గడప మీదే ఆగిపోయాడు.

“ఇదెవరికి?” అంది ఆమె, లెక్కల్లోంచి తలెత్తి.

“ఫైనాన్స్ డైరెక్టర్‌కి. వారానికి రెండు రోజులొస్తుంది. వ్యాపారం పెరుగుతోంది కదా.”

“మంచిదే, నాకూ ఊపిరాడుతుంది. మరి నాకు చెప్పకుండా ఎందుకు పెట్టావు?”

“బ్యాంకు వాళ్లు పెట్టమన్నారు.”

“నేనడిగింది అది కాదు.”

అతను గోళ్లలో ఎండిన పిండి గీక్కున్నాడు.

“అప్పుకి వెళ్లినప్పుడు మేనేజరు, లెక్కలెవరు చూస్తారని అడిగాడు. మా ఆవిడ అన్నాను. నవ్వాడు.”

“నవ్వితే? గ్యారేజీలో మొదలెట్టిన రోజు నుంచీ పైసా జీతం లేకుండా ఆవిడే నడిపిందని చెప్పలేకపోయావా?”

“చెప్పలేదు.”

“నోట్లో పియెరోగీ అడ్డం పడిందా, మహానుభావా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి.

“నేనూ నవ్వాను.”

ఆమె లెక్కల పుస్తకం మూసేసింది. తర్వాత లేచి కోటు తొడుక్కుంది.

“పద, బ్యాంకుకే. నా ఎదురుగా ఆయన మళ్లీ నవ్వితే, నీ మొహం ఎలా ఉంటుందో చూడాలి నాకు.”