రంగూన్ దాకా దారం

తెల్లారితే కార్తీక పున్నమి. గోసాని నువాగాంలో అనంతపద్మనాభం సావుకారు అరుగు మీద ఆ సాయంకాలం ముగ్గురున్నారు. బండి తోలే సింహాచలం పక్కూరు అంకులిలోని తోట నుంచి అరటి బోదె తెచ్చి పడేసి, అక్కడే చతికిలబడ్డాడు. నీలకంఠం మాస్టారు బడి నుంచి వస్తూ ఆగారు. గుమ్మం లోపల సావుకారు కూతురు వాసవీకుమారి రేపటి దీపానికి వత్తులు చేసుకుంటోంది. పక్కన ఆమె మూడేళ్ళ కూతురు బాలామణి దారం ఉండతో ఆడుతోంది. పొద్దున్నే చెరువులో వదిలే అరటి డొప్ప పడవని ఒడియావాళ్ళు బొయితా అంటారు. దాన్ని పిల్లచేత ఎవరు కట్టించాలో వాసవి ఇంకా తేల్చలేదు. సావుకారుకి ఆ పని తనకే కావాలి. అందుకే లోపలికి కూడా వినబడేలా గొంతెత్తాడు.

“పోయినేడు ఏటైందో తెలుసా మాస్టారూ? మా బాలామణి గుంటకప్పుడు రెండేళ్ళు. దానికేటి పనొస్తాదని అందరూ అన్నారు. నానేటి సేసినాను? జానెడు డొప్ప కోసి ముందరెట్టి, రంగుకాగితాలు సింపి, గిన్నెలో ఇంత అన్నం ఎట్టినాను. మెతుకు నలిపి కాగితానికి రాయడం, డొప్పకి అంటించడం, అంతే. ఆ ఈడు గుంటకి అంతకంటే పనెందుకు? నాలుగు మెతుకులు కాగితానికీ ఆరు మెతుకులు నోట్లోకీ ఎల్తన్నాయి, అయినా పడవ బాగానే తయారౌతంది. అప్పుడొచ్చింది కాసమ్మ.”

“ఎదురింటి కాసమ్మేనా?” అన్నాడు సింహాచలం.

“ఇంకెవరు? తడి డొప్ప పిల్ల సేతికిస్తారేటి, జలుబు సేస్తాది, వస అరగదీసి నాకించండి అని మొదలెట్టింది. ఇంకోడైతే దెబ్బలాడును. నానాడలేదు. నువ్వన్నది నిజమే గాని అమ్మా, ముందీ దారం కొస పట్టుకో, ఒగ్గీసినావంటే పడవ ఇడిపోతాది అని సేతిలో ఎట్టీసినాను. ఇంక కొస సూసుకోడమే గాని దానికి జలుబు మాటే గుర్తులేదు. ఆ తరవాత ఏటైందో తెలుసా? పూజారిగారొచ్చి, పిల్ల ఎడం సేత్తో అంటిస్తంది, సెయ్యి కట్టీయండన్నాడు. ఆయనకో కొస. మా సుట్టం ఒకాయన, గుండు సేయించకపోబట్టే ఇంత అల్లరన్నాడు. ఆయనకో కొస. కొసకో డొప్ప కట్టాలి గదా, లేపోతే ఊరికే పట్టుకున్నామని ఆళ్ళకి తెలిసిపోతాది. మనిషికో డొప్ప సొప్పున పడవ పెరిగిపోతంది. మద్దేన్నానికి దారం అయిపోతే పట్టు నేసేవోళ్ళ మగ్గాల మీది పోగులన్నీ తెప్పించినాను. అంకులి దాకా జనం కొసలు పట్టుకుని నిలబడిపోయారు. అంకులిలో ఒక్క అరటి సెట్టు మిగిలితే ఒట్టు.”

సింహాచలం పక్కనున్న బోదె వైపు చూశాడు. “మరిదెక్కడిది సావుకారూ?”

“అది తరవాత మొలిసింది. ఇను. ఛత్రపురం కచేరీకి ఒక్కడూ రాకపోతే, ఏటా అని కలెక్టరు దొర గుర్రమెక్కి ఒచ్చీసినాడు. గుంటని సూసి, టోపీ తీసి, ఈ ఏళకి పిల్లలు నిద్దరోవాలని ఇంగ్లీషులో సెప్పినాడు.”

“మీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చిందండీ?” అన్నారు మాస్టారు.

“సలహా ఏ బాసలో ఉన్నా తెలిసిపోతాది మాస్టారూ. ఆయనకీ ఓ కొస. తెల్లారగట్ల తమలపాకూ వక్కా దీపమూ ఎట్టి సెరువులో ఒగ్గుదుమంటే సెరువు సాల్లేదు. గోపాలపురం సముద్రానికి మోసుకుపోయినాం. నానూ గుంటా ఎక్కినాం. అక్కడ రంగూనెల్లే స్టీమరుంది. కెప్టెను పైనుంచి వంగి, సముద్రపు గాలి, గుంటకి సెవులకి గుడ్డ కట్టండని కేకేసినాడు. ఊరుకుంటానేటి? ఓ కొస పైకిసిరినాను. పట్టుకున్నాడు. ఇంకేటి, ముందర మా బొయితా, ఎనకాల స్టీమరు. రంగూన్ రేవులో అందరికీ దండమెట్టి, గుంట పాలు తాగే ఏళకి ఇంటికొచ్చీసినాం.”

“మరి కొసలు పట్టుకున్న ఆ జనం?”

“శానాళ్ళు పట్టుకునే ఉన్నారు. కాసమ్మ సెయ్యి సూడండి, ఇప్పటికీ సగం మూసే ఉంటాది.” నవ్వులు తగ్గేదాకా ఆగి, సావుకారు గుమ్మం వైపు ఓ కన్నేశాడు. “అందుకే అంటన్నాను, ఈ యేడు కూడా గుంటని నా దగ్గర కూకోబెడితే…”

 బాలామణి దారం ఉండ ఈడ్చుకుంటూ గుమ్మం దాటి వచ్చింది. సింహాచలాన్నీ మాస్టారినీ దాటుకుని తిన్నగా తాత దగ్గరికెళ్ళి, ఆయన చేతిలో కొస పెట్టి వేళ్ళు మూసింది.

“తాతా, పట్టుకో. ఒగ్గీకు. మాటాడకు.”

అని పోయి బోదె దగ్గర కూర్చుని, ఎడం చేత్తో డొప్ప పీకడం మొదలెట్టింది.

మాస్టారు ఆ దారం వైపు చూశారు. “పద్మనాభం గారూ, మొదటి కొస కాసమ్మది కాదా?”

“కాసమ్మ పోయినేడు ఈ రోజులకి కూతురింటికాడుంది మాస్టారూ,” అంది వాసవి, గుమ్మంలోకి వచ్చి. “జలుబు సేస్తాదన్నది మా నాన్నే. సెయ్యి కట్టీమన్నదీ, గుండు మాటా మా నాన్నవే. ఆఖరికి నానే ఇలాటి కొసొకటి నాన్న సేతిలో ఎట్టినాను. పడవ అయినదాకా పట్టుకుని కూకున్నాడు, ఒక్క మాటంటే ఒక్క మాట అన్లేదు.”

సింహాచలం పొట్ట పట్టుకుని నవ్వాడు. సావుకారు మొహం ఎర్రబడింది గాని కొస మాత్రం వదల్లేదు. కాసేపటికి ఆయనకీ నవ్వాగలేదు. అది తగ్గాక, చిన్నగా, “మరి ఈ యేడు నన్ను కూకోమన్నట్టేనా అమ్మా?” అని అడిగాడు.

“కొస నీ సేతిలోనే ఉంది గదా నాన్నా.”

సావుకారు సంతోషం పట్టలేక బోదె దగ్గరికి జరిగి కూర్చున్నాడు. పిల్ల చీపురుపుల్లతో రెండు డొప్పల్ని కలిపి గుచ్చుతోంది. నోటిదాకా ఏదో వచ్చింది, మింగేశాడు. ఈలోగా మాస్టారు ముందుకి వంగారు.

“అలా కాదమ్మా, పుల్ల అడ్డంగా గుచ్చాలి. చిన్నప్పుడే సరిగ్గా నేర్పకపోతే…”

బాలామణి ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసింది. ఉండలోంచి ఇంకో కొస లాగి, లేచి వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

సావుకారు మాస్టారి చెవి దగ్గరికి వంగాడు.

“గట్టిగా పట్టుకోండి మాస్టారూ. రంగూన్ శానా దూరం.”