రాయమల్లు కాక వోల్టేజ్ నిలవెట్టిన ముచ్చట

లింగమూర్తి బిడ్డ దీపకు ఇంజినీరింగ్ సీటు వచ్చిందన్న సంగతి మొదటి షిఫ్టు దిగినోళ్ల నోట్ల పడి, పొద్దుమూకక ముందే బుచ్చన్న చాయ హోటల్ దాకా వచ్చింది. తెలంగాణ ఇంకా రాలే అప్పటికి. గోదావరిఖనిల మా క్వార్టర్ల వరుసకెళ్లి ఇంజినీరింగ్‌కు పోయే మొదటి ఆడిపిల్ల. అందరం సంబురపడ్డం. పక్క కాలనీల ఉండే మొగిలికి మాత్రం ఒక అనుమానం వచ్చింది.

"అవుగని, ఏ కాలేజీ కావాల్నో నెట్ల పెట్టాలె గద? లింగమూర్తన్న ఇంట్ల కంప్యూటర్ పది నిమిషాలకోసారి దానంతట అదే బంద్ అయితుండె. మా ఇంట్ల దానికి గూడ గదే రోగం. మరి ఆ పిల్ల ఎట్ల పెట్టింది?"

మొగిలి అందరినీ అడిగిండు గని, జవాబు ఎవరి దగ్గర ఉంటదో మాకు తెల్సు. రాయమల్లు కాక బొగ్గుబాయిల నీళ్లు తోడే పంపు నడుపుతడు. ముప్పై ఏండ్ల సర్వీసు. చేతుల గిలాస బల్ల మీద పెట్టిండంటే ముచ్చట మొదలైనట్టే. పెట్టిండు.

"నాకేం పెద్ద తెల్వదు తమ్మీ, ముందుగాలనే చెప్తున్న. నేను మామూలు పంపు ఖలాసీని. ఆప్షన్లు పెట్టుడుకు ఆఖరి దినం, లింగమూర్తి ఉరుక్కుంట వచ్చిండు, అన్నా, పిల్ల ఏడుస్తున్నది, నలభై కాలేజీలు పెట్టాలె, ఐదు పెట్టంగనే టప్పున ఆగిపోతున్నది, మళ్ల మొదటికెళ్లి పెట్టవట్టె అని. సరేనని పోయిన. ముందుగాల ప్లగ్గు చూసిన, వదులు లేదు. వైరు తడిమిన, ఉడుకు లేదు. ఇగ డబ్బకు చెవి ఆనిచ్చి విన్న. లోపట ఫ్యాను దగ్గుతున్నది."

"దగ్గుడేంది కాక?"

"మనం దగ్గినట్టే. బాయి దిగినోని దగ్గు. స్క్రూలిప్పి తెరిచిన. ఏమున్నదో ఎరికేనా లోపట? బొగ్గు దుమ్ము. గాలికి వచ్చి కూసున్నది. ఫ్యాను తిరుగకపోతే లోపట ఉడుకెక్కుతది, ఉడుకెక్కితే అది దాని పానం కాపాడుకునేటందుకు ఆగిపోతది. బ్రష్షు పెట్టి దులిపితే చారెడు వెళ్లింది."

గిక్కడి దాకా మేమందరం నమ్మినం. మొగిలి చేతుల కాయితం ఉంటే రాసుకునేటోడే.

"చారెడేనా బావా?" అన్నడు బుచ్చన్న, పొయ్యి ఎగేసుకుంట. రాయమల్లును గెలుకుడు ఆయనకు సరదా.

"చారెడేంది, చాటెడు. దులిపినకొద్ది వస్తనే ఉన్నది. లింగమూర్తి తల్లి మల్లక్క చాట తెచ్చింది, చాట నిండింది, బకెట్ తెచ్చింది, బకెట్ నిండింది. ముసల్ది ఆ బొగ్గే పొయ్యిల ఏసి నాకు చాయ కాచిచ్చింది. పొగ లేదు, వాసన లేదు, ఏం బొగ్గు అనుకున్నవ్!"

"గప్పుడు బాగైందా?" అడిగిండు మొగిలి.

"యాడ బాగైతది? పదకొండు నిమిషాలు నడిచింది, మళ్ల టప్పు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను గోడకు ఒరిగి ఆలోచన చేసిన. లోపట రోగం లేదంటే రోగం బయట ఉన్నది. పైకి చూస్తే ఇంటి ఫ్యాను ఒకసారి తూనీగ తీర్గ ఎగురుతది, ఒకసారి ముసలెద్దు తీర్గ నడుస్తది. వోల్టేజ్! మన లైన్ల ఇంటికో హీటర్, పప్పు దాని మీదనే, తానాల నీళ్లు దాని మీదనే. అందరు ఒక్కసారి పెడితే వోల్టేజ్ పడతది, అందరు తీస్తే లేస్తది. కంప్యూటర్ పసిపిల్ల అసొంటిది, తట్టుకోదు."

"యూపీయస్ లేకుండెనా మరి?"

"ఉండె. బ్యాటరీ సచ్చి ఆర్నెల్లు. తలుపు కొట్టుకోకుండ అడ్డం పెట్టుకున్నరు. వోల్టేజ్ ఎంతున్నదో చూద్దామంటే మీటర్ లేదు. లేకుంటే ఫికరేంది? చిటికెన వేలు సాకెట్ల పెట్టిన."

"షాక్ కొట్టలే?"

"కొడితేనే గద లెక్క తెలిసేది! మణికట్టు దాకా జిల్లుమంటే నూట అరవై, మోచేయి దాకా వస్తే రెండు వందలు, భుజం దాకా పాకితే రెండు వందల ముప్పై. గిది మోచేతికి రెండు వేళ్ల కిందనే ఆగింది. నూట తొంభై అని లింగమూర్తికి చెప్పిన."

ఎవరో ఎనుకకెళ్లి కిసుక్కుమన్నరు. కాక పట్టించుకోలే.

"ఐదింటికి గడువు. మూడున్నర అయితున్నది. పిల్ల దిక్కు చూసిన. ముక్కు ఎర్రగైంది, ఏడ్చుడు గూడ బంద్ చేసి ఊకె కూసున్నది. ఇగ నాకు మనసున పట్టలే. చెప్పులిడిసిన. గోడకెళ్లి వచ్చే వైరు కుడిచేతికి, కంప్యూటర్‌కు పోయే వైరు ఎడమచేతికి, ఇంకొకటి పంటి కింద. నడిమిట్ల నేను. వోల్టేజ్ తగ్గితే ఊపిరి లోపటికి గుంజుత, పెరిగితే ఇడుస్త. రెండు వందల ముప్పై మీద నిలవడ్డది, ఇంచు కదలలే."

గప్పుడే ఒకాయన భుజం మీద తాడు చుట్టతోని వచ్చి, సైకిల్ స్టాండు వేసి, రాయమల్లు కాక ఎనుక బల్ల మీద కూసున్నడు. లైన్‌మెన్ సదయ్య. బుచ్చన్న సైగ చేసి చాయ అందిచ్చిండు. కాక ఎనుకకు తిరిగి చూడలే.

"పంటి కింద వైరుంటే ఎట్ల మాట్లాడినవ్ కాక?" అన్నడు మొగిలి.

"మాట్లాడలే. కండ్లతోని చెప్పిన, పెట్టు బిడ్డా పెట్టు అని. పది కాలేజీలు పెట్టింది, ఇరవై పెట్టింది. గంతల పక్కింటోళ్లు ఉరికొచ్చిన్రు, మా ఫ్యాన్లు గూడ సక్కగ తిరుగుతున్నయని. చూస్తే ఏంది, లైన్ మొత్తం నా మీదికెళ్లే నడుస్తున్నది! లైన్ అయిపోయి కాలనీ, కాలనీ అయిపోయి గోదావరిఖని మొత్తం. టాకీసుల మ్యాట్నీ నా ఒంట్లకెళ్లే నడిచింది, పాటలప్పుడు ఏం కాలే గని ఫైటింగులప్పుడు జర నడుము గుంజింది. ఓపెన్‌కాస్టు బాయిల ఇల్లంత మిషను బకెట్ గాలిల ఆగిపోయి ఉండెనట, అది గూడ దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పవర్‌హౌజు ఇంజినీరు లింగమూర్తి సెల్లుకు ఫోన్ కొట్టిండు. సార్, కరెంటు మేము మీకిచ్చుడు పోయి మీ దిక్కుకెళ్లి మాకొస్తున్నది, మా మిషన్లు ఉల్టా తిరుగుతున్నయ్, ఢిల్లీల బల్బులు పగులుతున్నయట, జల్ది చెయ్యి తియ్యుండ్రి అన్నడు."

"తీసినవా?"

"ఎందుకు తీస్త? మా పిల్లకు ఇంక మూడు కాలేజీలున్నయ్, ఢిల్లీని ఆగుమను అని లింగమూర్తికి సైగ చేసిన. ఐదుకు రెండు నిమిషాలున్నదనంగ పిల్ల ఆఖరి బటన్ ఒత్తింది. చేతులు తీసిన. రెండు దినాల దాకా నా మీసాలు పండుకోలే."

అందరం నవ్వినం. మొగిలి నవ్వలే. ఆయనకు ఇంట్ల కంప్యూటరే యాదికున్నది.

"కాకా, గవన్నీ ఉండని. లింగమూర్తన్న కంప్యూటర్ ఇప్పుడు ఆగుతలేదట. దేనితోని బాగైందో గది చెప్పు నాకు."

"నేను చెప్త తమ్మీ," అన్నడు ఎనుకకెళ్లి సదయ్య.

రాయమల్లు కాక మెడ మెల్లగ తిరిగింది.

"ఆ లైన్ల పోలు మీద న్యూట్రల్ వైరు వదులై ఉండె. దాంతోనే నెల సంది వోల్టేజ్ ఎగిరెగిరి పడుతుండె, కంప్యూటర్లు ఆగుతుండె. నేనే ఎక్కి బిగిచ్చిన. మీ కాలనీల గూడ గదే అయి ఉంటది, రేపు వచ్చి చూస్త." సదయ్య ఒక గుటక తాగి ఆగిండు. "నేనెక్కింది ఎన్నడనుకున్నరు? ఈయన చెప్తున్న దినమే. లైన్లన్నీ మరమ్మతు చేసేటందుకు పొద్దుగాల తొమ్మిదింటికెళ్లి సాయంత్రం ఆరింటి దాకా బంద్ పెట్టినం, ఖనిల ఏ ఇంట్ల గూడ కరెంటు లేదు. నెట్ సెంటర్లు గూడ మూసుకున్నరు. ఇగ ఈయన ఏ కరెంటు పట్టుకున్నడో ఈయననే అడగాలె."

హోటల్ మొత్తం గొల్లుమన్నది. బుచ్చన్న నవ్విన నవ్వుకు పొయ్యి మీద పాలు పొంగినయ్. కాక గిలాస తీసుకుని అండ్లకే చూస్తున్నడు.

మొగిలి మాత్రం ఇడుస్తలేడు. "మరి దీప ఆప్షన్లు ఎట్ల పెట్టింది?"

"పోలు మీదికెళ్లి చూసిన గద," అన్నడు సదయ్య. "పన్నెండు గొట్టంగ ఈయన ఆ పిల్లను స్కూటర్ మీద ఎక్కిచ్చుకుని, కాయితాలు కవర్ల చుట్టి అంగిల పెట్టుకుని, కమాన్‌పూర్ రోడ్డు పట్టిండు. యాడికే అన్నా, రెండో షిఫ్టు లేదా అని పైకెళ్లి ఒర్రిన. ఇయ్యాల డ్యూటీకి నాగా పెట్టిన, మంథనిల కరెంటున్నదట, ఆడ నెట్ సెంటర్ల పెడ్తం అన్నడు. నేను పోలు దిగి సామాను సర్దుకునేటాళ్లకు తిరిగొచ్చిన్రు. తొవ్వల వాన దొరికిచ్చుకున్నట్టుంది, ఇద్దరు తడిసి ముద్దైన్రు. పిల్ల నవ్వుతున్నది. ఈయన చలికి పండ్లు కొరుకుతున్నడు."

నవ్వులు ఆగినయ్. అందరం కాక దిక్కు చూసినం. ఆయన మాత్రం దొంగతనం బయటపడ్డోని తీర్గ తల వంచుకున్నడు.

"గంత దూరం, మంథని దాకా పోయినవా బావా?" అన్నడు బుచ్చన్న మెల్లగ. "మరి గది చెప్పకపోతివి, గీ కరెంటు ముచ్చట ఎందుకు?"

"గదేం ముచ్చట?" అన్నడు రాయమల్లు కాక చిరాకుగ. "స్కూటర్ మీద మంథనికి ఎవ్వడైనా పోతడు. అది గూడ తొవ్వల రెండుసార్లు ఆగింది. నాకు నడుము నొప్పాయె, ఆ పిల్లనే దిగి నూకింది. హోటల్ల కూసుండి చెప్పుకునే ముచ్చటనా అది?"